పట్టకారు

హోబర్ట్ రేవులో, ఓడ కదలడానికి ముందు నాలుగు గంటలు
నా పని జేబులు వెతకడం.
దొంగసొత్తు కోసం కాదు, గడ్డిగింజల కోసం.

ఇక్కణ్ణించి దక్షిణంగా మూడు రోజులు పోతే మెక్వారీ దీవి.
ఆ గాలికి నిలబడే ఓపిక ఏ చెట్టుకీ లేక
చెట్టన్నదే లేని చోటు.
అక్కడికి పోయేవాళ్ళంతా ముందు నా బల్ల దగ్గరికి రావాలి,
కోటు విప్పి, జేబుల లోపలి గుడ్డ బయటికి లాగి,
బూట్లు తలకిందులు చేసి చూపించాలి.
పెద్ద డాక్టర్లు, రిటైరైన జడ్జీలు
మేజోళ్ళతో నిలబడి ఉంటారు, హోంవర్కు చెయ్యని పిల్లల్లా.

నేను ఆ దీవి చూడలేదు.
దాని కంపు మాత్రం తెలుసు, తిరిగొచ్చిన బూట్లలోంచి.
చేపా, సీలూ, తడి ఈకా కలిసిన కంపు.
మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని.

వెల్క్రో నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మొక్కే.
గట్టెమ్మట బడికి పోతే పరికిణీ అంచంతా ఉత్తరేణి.
పిలవకుండా వచ్చేది, దులిపితే పోయేది కాదు.
ఒక్కొక్కటే పీకుతూ లెక్కల క్లాసు గడిపేదాన్ని.
ఆ చదువే ఇప్పుడు అన్నం పెడుతోందంటే
మా బ్రోన్విన్‌కి నవ్వు.

"ఒక్క గింజ. ఏం చేస్తుంది?" అన్నాడు ఫెర్గస్ టల్లక్.
డెబ్బై ఆరేళ్ళు, చెయ్యి వణుకుతోంది, గొంతు వణకడం లేదు.
నేను వాదించను. కుందేళ్ళ సంగతి చెప్తాను.
ఆకలికి పనికొస్తాయని ఎప్పుడో ఓడవాళ్ళు వదిలిన కాసిని కుందేళ్ళు
లక్షై, కొండవాలంతా గొరిగేసి,
వేళ్ళు లేని ఆ మన్ను ఒక వానకి జారి
గూళ్ళలో ఉన్న పెంగ్విన్ల మీద పడింది.
వాటిని వదిలించడానికి కుక్కలు కావలసొచ్చాయి, హెలికాప్టర్లు, ఏళ్ళూ.

ఫెర్గస్ రెండో జేబు తానే బయటికి లాగాడు.
పిల్లి వెంట్రుకలు, బిస్కట్ పొడి,
చిరిగిన బస్సు టికెట్టు,
పొట్టు ఊడని ఓట్స్ గింజ ఒకటి.
పట్టకారుతో తీసి కవరులో వేసి పేరు రాశాను.

తర్వాత బ్రోన్విన్ నీలం బకెట్ బోర్లించి, ఇదే పెంగ్విన్ అంటుంది.
సుద్దముక్కతో ఐదు మీటర్ల దూరాన గీత.
ఈ లక్ష్మణరేఖ సీత చుట్టూ కాదు,
భిక్షకొచ్చిన మన చుట్టూ.
"మీరు దాని దగ్గరికి పోకూడదు.
అదే మీ దగ్గరికొస్తే కదలకూడదు."
ఎంతసేపూ అని ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు.
"దాని ఇష్టం."

పన్నెండో రోజు ఓడ తిరిగొచ్చింది.
గడ్డం మాసి, తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చాడు ఫెర్గస్.
ఫోటోలు చూపిస్తాడనుకున్నాను.
"వానలో నిలబడ్డాను. పెంగ్విన్ పిల్ల,
తడిసిన కంబళిలా ఉంది,
వచ్చి నా బూటు తాడు పట్టుకు లాగింది.
నలభై నిమిషాలు. కాలు తిమ్మిరెక్కింది.
ముక్కు కారుతోంది, తుడుచుకోలేదు."
తర్వాత?
"తర్వాతేముంది. విసుగొచ్చి పోయింది."
మనవడి పెళ్ళి గురించి కూడా
అంత గర్వంగా చెప్పి ఉండడు.

వచ్చే నెల ఓడలో నన్నూ రమ్మంటున్నారు, పని మీద.
నిన్న రాత్రి నా సంచీ నేనే బోర్లించాను.
కుట్టు మడతలో ఒక ఆవగింజ.
ఏ తాలింపులోంచి ఎగిరి పడిందో.
వేగిన గింజ మొలవదని నాకు తెలుసు.
ఇది వేగిందో లేదో తెలీదు.

కవరు మీద, ఎవరు తీశారు అన్న చోట వకుళ అని రాశాను.
ఎవరి దగ్గర అన్న చోటా వకుళే.
తర్వాత దీపం దగ్గరికి జరిగి
ఇంకో మడత విప్పాను.